కెప్టెన్ సాబ్‌కు నేను పంపిన మాట

29 ఏప్రిల్ 2021

బిడ్డ వస్తోంది.

రాసి మళ్లీ చదువుకున్నాను. వస్తోంది. నా రజిత, దుబాయి నుంచి, తిరిగి వెళ్లే పని లేకుండా. సూరత్ పక్కన హజీరా రేవు నుంచి నడిచే ప్రయాణికుల ఓడలో ఉద్యోగం. ప్రయాణికులను చూసుకునే పన్నెండు మంది మీద సూపర్‌వైజర్ అట. నవాగామ్‌లోని మా ఇంటి నుంచి బండి మీద గంట దారి. పొద్దున వెళ్తుంది, సాయంత్రం వస్తుంది, మా గడప ముందు చెప్పులు విడుస్తుంది, మా పళ్లెంలో తింటుంది. ఇరవై ఏడేళ్ల పిల్ల... అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

భూలక్ష్మి ముందు కళ్లు తుడుచుకుంది, తర్వాత నన్ను తిట్టింది. "గంత సంబురపడకు. ఎవల దిష్టో అక్కర్లే, నీదే తగుల్తది."

తగలనీ. ముప్పైతొమ్మిదేళ్లుగా ఈమె తిట్లు తగులుతున్నాయి, బతికే ఉన్నాను.

30 ఏప్రిల్

రజిత మళ్లీ ఫోన్ చేసింది. ఒక షరతు పెట్టింది.

"బాపు, ఈడ ఇంక చెప్పలే. ఎవలకు చెప్పకు."

విషయం ఇది. ఇప్పుడు పని చేసే యాట్ మీద — ఓడ అనడానికి చిన్నది, పడవ అనడానికి పెద్దది, నీళ్ల మీద నిలబెట్టిన బంగళా — ఓనరు కుటుంబం ఉంది. తొమ్మిదో తారీఖు దాకా తిరుగుతారు. వాళ్లుండగా రాజీనామా ఇవ్వడం పద్ధతి కాదట. వాళ్లు దిగాక పదో తారీఖున కెప్టెన్‌కు ఉత్తరం ఇస్తుంది. నెల రోజుల నోటీసు. పనులు అప్పగించి, రెండేళ్లు ఎలా పని చేసిందో కెప్టెన్ సంతకంతో కాగితం తీసుకుని వస్తుంది. ఆ కాగితం జూన్ పదిహేను లోపల హజీరా వాళ్లకు అందాలి. అందకపోతే ఉద్యోగం లేదు.

ఇంకోటి. కరోనా వల్ల ఇక్కడి నుంచి అక్కడికి విమానాలు ఆపేశారు. ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఎక్కడానికి దారి లేదు. కాగితం లేకుండా వస్తే ఇటూ లేదు, అటూ లేదు.

చెప్పను బిడ్డా అన్నాను. ఎవరికి చెప్తాను?

1 మే

సత్తయ్యకు చెప్పాను. సచిన్ పేటలోని కార్ఖానాలో ముప్పై ఏళ్లు పక్కపక్క సాంచాల మీద, అదే మరమగ్గాల మీద పనిచేశాం. సత్తయ్య ఎవరికీ చెప్పడు.

2 మే

పాలవాడికి కూడా చెప్పానని భూలక్ష్మి గొడవ. నేను చెప్పలేదు. జూన్ నుంచి అర లీటరు ఎక్కువ పోయమన్నాను. ఎందుకని అడిగాడు. అడిగితే ఏం చేయను...

4 మే

కార్ఖానా ఇవాళ కూడా మూసే ఉంది. కపడా మార్కెట్ బంద్ కదా, నేసిన బట్ట ఎవరు కొంటారు. సందులో పొద్దున్నుంచి మూడు అంబులెన్సులు పోయాయి. మాస్కు పెట్టుకుని సత్తయ్య గుమ్మం బయట కూర్చున్నాను, వాడు లోపల.

రజిత రాజీనామా సంగతి చెప్తుంటే అడ్డం వచ్చి అడిగాడు. "మరి సేఠ్ దగ్గరికి పోరి తరఫున ఎవలు పోతున్నరు?"

అది నాకు తోచనే లేదు.

నిజమే కదా. మా పనిలో ఎవడూ ఒంటరిగా మానడు. పనిలో పెట్టించిన పెద్దమనిషే దగ్గరుండి మాన్పించాలి. ముందు మగ్గం మీదికి ఎక్కిన నూలు బీమ్ పూర్తిగా నేయాలి. తర్వాత పెద్దమనిషి అతన్ని కార్ఖానా ఓనరు, అదే సేఠ్ ముందు నిలబెట్టి చేతులు జోడించాలి — ఇన్నాళ్లు అన్నం పెట్టారు, పిల్లవాడి వల్ల ఏదైనా తప్పు, గల్తీ జరిగి ఉంటే మాఫ్ చేయండి, నవ్వుతూ పంపండి. సేఠ్ అంటాడు, అరే ఏం గల్తీ, పోయిరా. అంతే. ఆ రెండు మాటలు జరగకుండా పోయినవాడిని పారిపోయినవాడు అంటారు. ఇంకో కార్ఖానాలో వాడి మొహం చూడరు. ఊరి నుంచి నేను తెచ్చిన వాళ్లందరి కోసం ఇట్లాగే చేతులు జోడించాను. ఒక్కరి పేరు చెడలేదు.

మరి కన్నబిడ్డకు?

కెప్టెన్ సాబ్ నెంబరు నా దగ్గర ఉంది. పోయినేడు రజితకు కరోనా వచ్చి గదిలో పెట్టినప్పుడు ఆయనే తన ఫోన్ నుంచి రోజూ కబురు చెప్పాడు. గోవా మనిషి, హిందీ మాట్లాడతాడు. మీ బేటీ జిమ్మేదారీ నాది, బాధ్యత నాది అన్నాడు. అంత మాట అన్నవాడికి నా నోటితో ఒక మాట చెప్పకుండా...

5 మే

చెప్పేశాను.

వాయిస్ మెసేజ్, నిమిషంన్నర. శుభ్రమైన హిందీలో. పిల్లకు ఇంటి దగ్గర పని దొరికిందని, త్వరలో కాగితం ఇస్తుందని, ఇన్నాళ్లు కన్నబిడ్డలా చూశారని, ఆమె వల్ల ఏదైనా గల్తీ జరిగి ఉంటే పెద్దమనసుతో మాఫ్ చేసి నవ్వుతూ పంపాలని. ఎంత హాయిగా ఉందో.

భూలక్ష్మి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "చెప్పద్దన్నది గదా పోరి?"

లోకానికి చెప్పద్దంది. సేఠ్‌కు చెప్పడం పెద్దల పని. ముందు పెద్దల మాట, తర్వాత కాగితం.

రెండు టిక్కులు నీలం అయ్యాయి. విన్నాడు.

6 మే

జవాబు లేదు. పనిలో ఉంటాడు. ఓనరు ఇంకా యాట్ మీదే ఉన్నాడు కదా.

7 మే

రజిత ఫోన్. బట్టలుతికే గదిలోంచి, మెల్లగా.

"బాపు... కెప్టెన్‌కు ఏం పంపినవ్?"

అన్నీ చెప్పాను, గర్వంగానే చెప్పాను. తర్వాత ఆమె చెప్పింది.

మూడో తారీఖున ఓనరు పడకగదిలో తెల్ల తివాచీ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన గుర్తు కనిపించిందట. ఎవరో దాని మీదికి కుర్చీ జరిపి దాచారు. ఆ గదిలో పనిచేసేది ముగ్గురు అమ్మాయిలు. కెప్టెన్ ముగ్గురినీ అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. రెండు రోజులకు నా మెసేజ్. నిన్న రజితను పైకి పిలిచి, తలుపు వేసి, నా గొంతు ఆమెకే వినిపించాడు. రెండు ప్రశ్నలు అడిగాడట. నువ్వు మానేస్తున్న సంగతి నీ నోటితో కాకుండా మీ నాన్న నోటితో ఎందుకు వింటున్నాను? ఆయన ఏ గల్తీకి మాఫీ అడుగుతున్నాడు?

అది మర్యాద కదా బిడ్డా, అందరూ అనేదే కదా అన్నాను.

"నాకెరుక బాపు. ఆయనకెట్ల ఎరుకైతది?"

అరవలేదు. ఏడవలేదు. అరిచినా బాగుండేది. తివాచీ తను కాల్చలేదని నేను అడక్కుండానే చెప్పింది. నాకు చెప్పాల్సి వచ్చింది, తండ్రికి.

"ఇగ ఏం పంపకు. నేను అడిగినా పంపకు."

8 మే

పంపలేదు. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. రెండోసారి భూలక్ష్మి లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టింది.

10 మే

ఇచ్చింది. ఇచ్చే ముందు నాకు ఫోన్‌లో చదివి వినిపించింది. ఇంగ్లీషుది, నాకోసం తెలుగులో చెప్పింది — నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా ఆఖరు పనిదినం జూన్ 9. అప్పగింతలన్నీ పూర్తి చేసి వెళ్తాను. పని నేర్చుకునే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. కింద పేరు.

అంతేనా? తివాచీ నేను కాల్చలేదని ఒక్క ముక్క రాయరాదా అన్నాను.

"రాజీనామాల గవి రాయరు బాపు. గది వేరే ముచ్చట. మనం మానేటప్పుడు మానే మాటనే రాయాలె."

కెప్టెన్ చదివి సొరుగులో పెట్టాడట. నోటీసు సరే అన్నాడు. పని గురించిన కాగితం అడిగితే, తర్వాత చూద్దాం అన్నాడు.

తర్వాత. ఈ మాట నేను చాలా మంది సేఠ్‌ల నోట విన్నాను.

11 మే

తర్వాత అంటే ఎప్పుడు.

13 మే

ఇవాళ కొంచెం కడుపు నిండింది.

రజిత కొత్తగా వచ్చే అమ్మాయి కోసం ఒక నోటుబుక్ తయారు చేస్తోంది. ఏ అలమరలో ఏముందో ఫొటో తీసి పక్కన రాస్తోందట. ఏ గ్లాసు ఏ అరలో, ఓనరమ్మ చాయ్‌లో పంచదార ఎంత, ఏ బట్టకు ఇస్త్రీ తగలకూడదు, అల ఎక్కువగా ఉన్నప్పుడు ముందు ఏ గదిలో సామాను కట్టేయాలి. ఎవరూ అడగలేదు. రోజూ డ్యూటీ అయ్యాక కూర్చుని రాస్తోంది.

నిన్ను అనుమానించిన వాళ్లకు ఇంత చాకిరీ ఎందుకు బిడ్డా అన్నాను.

"అనుమానం ఉన్నది గనకనే బాపు."

ఎవరు నేర్పారు ఈమెకు? ఎంత మంచి పిల్ల. ఎంత గట్టి పిల్ల. నేను నేర్పానేమో అని భూలక్ష్మితో అంటే, "నువ్వు నేర్పింది చేతులు జోడించుడు. గది దానికి రాలే, బతికిపోయింది" అంది.

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

16 మే

కలలో కూడా తర్వాత చూద్దాం.

18 మే

తుఫాను గాలి. ఎదురింటి రేకు ఎగిరి మా సందులో పడింది. నిన్న మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, ఫోన్ ఆరిపోయింది. నాకు రేకు భయం కాదు, కెప్టెన్ ఫోన్ చేస్తే ఎట్లా అని. ఆయన నాకెందుకు చేస్తాడు? తెలుసు. అయినా ఫోన్ పట్టుకుని, కరెంటున్న సత్తయ్య సందుకి గాలిలో నడిచాను. రుమాలు ఎగిరిపోయింది.

20 మే

ఒళ్లు వెచ్చగా ఉంది.

21 మే

జ్వరం. భూలక్ష్మి నన్ను ముందు గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేసింది. గంజి గుమ్మంలో పెట్టి జరుగుతోంది. కళ్లల్లోకి చూడడం లేదు.

రజితకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. తెలిస్తే ఆగదు, సగం నోటీసులో అంతా వదిలేసి విమానం ఎక్కుతుంది. అప్పుడు కెప్టెన్ అనుకోడా — చూశావా, తప్పు చేసింది కనక పారిపోయింది అని. ఈ ఒక్క విషయంలో నా నోరు మూసుకోగలనా? మూసుకోవాలి.

22 మే

గొంతు పోయింది. ఫోన్ ఎత్తలేదు. భూలక్ష్మి మాట్లాడింది. మీ బాపు నువ్వు తిట్టినవని మూతి ముడుసుకొని కూసున్నడు అని చెప్పింది. తలుపు వెనక నుంచి విన్నాను. ఎంత చక్కగా అబద్ధమాడింది.

రజిత మెసేజ్. "అలిగినవా బాపు? టెన్షన్ మత్ లో, రంది పెట్టుకోకు."

లేదు అని రాశాను. ఒక్క పదం. నా జీవితంలో అంత చిన్న జవాబు ఎవరికీ ఇవ్వలేదు.

25 మే

టెస్టు నెగెటివ్. మామూలు జ్వరమేనట. కాగితం భూలక్ష్మి చేతిలో పెడితే చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు నా పక్కన కూర్చుంది. నాలుగు రోజుల తర్వాత.

28 మే

కొత్త అమ్మాయి వచ్చింది. నేపాల్ పిల్లట. నోటుబుక్ చూసి దీదీ అని రజితను పట్టుకుని వదల్లేదట. కెప్టెన్ వంటగదిలో నిలబడే ఆ పుస్తకం పది పేజీలు తిప్పాడు. ఏమీ అనలేదు. పుస్తకం తిన్నగా ఎక్కడుందో అక్కడే పెట్టి వెళ్లాడు.

మంచిదా, చెడ్డదా? భూలక్ష్మి మంచిదంటుంది. ఏమీ అనకపోవడం మంచిదెట్లా అవుతుంది.

31 మే

హజీరా ఆఫీసు వాళ్లు రజితకు ఫోన్ చేసి కాగితం ఎప్పుడు పంపిస్తావని అడిగారు. జూన్ పన్నెండు లోపల అంది. ఏ ధైర్యంతో అందో.

విమానం టికెట్ జూన్ పదకొండుకు ఖాయం.

2 జూన్

సత్తయ్య ఉపాయం చెప్పాడు — మనమే రాయించి కింద సంతకం గీకుదాం, ఎవడు చూస్తడు. వాడి మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు, ఇవాళ వచ్చింది. నా బిడ్డ నెల రోజులుగా అన్నీ సక్రమంగా చేస్తుంటే చివర దొంగ సంతకమా అన్నాను. వాడు చాయ్ తెచ్చి ఇచ్చాడు. తాగాను. ఒక్క క్షణం ఆలోచించాను కూడా. రాయకూడదు, కానీ ఆలోచించాను.

5 జూన్

రజిత ఫోన్. కాగితం గురించి నేరుగా అడిగిందట. కెప్టెన్ చెప్పాడట — మీ నాన్న నేను అడక్కుండా ఒకసారి మాట్లాడాడు. ఇప్పుడు నేను అడుగుతాను, ఆయన చెప్పాలి. ఆ తర్వాత సంతకం సంగతి చూస్తాను. ఎల్లుండి పొద్దున పదింటికి. నువ్వు లైన్లో ఉండొద్దు.

నెల రోజులు నోరు మూసుకోమన్న బిడ్డ ఇప్పుడు మాట్లాడమంటోంది.

ఏం చెప్పాలి బిడ్డా అన్నాను.

"ఏం జరిగిందో గదే చెప్పు. ఎక్కువ చెప్పకు. చేతులు జోడించకు బాపు."

"ఫోన్ల చేతులెట్ల కనవడ్తయ్?"

"నీ గొంతుల కనవడ్తయ్."

6 జూన్

రోజంతా సాధన. భూలక్ష్మి కెప్టెన్, నేను నేను. ఆమె స్టూలు మీద కూర్చుని, కొంగు భుజాన సర్దుకుని, లావు గొంతుతో హలో అంటుంది. నేను నమస్తే సాబ్ అని మొదలుపెడతాను. నా పేరు మల్లేశం. రజిత తండ్రిని. మీ దయ వల్ల... మీరు పెద్దవారు... ఏదైనా గల్తీ...

"మల్ల అన్నవ్."

మళ్లీ మొదలు. నాలుగోసారి మూడో మాటకే వచ్చేసింది. అయిదోసారి ఆమె నవ్వలేక కడుపు పట్టుకుంది, నేనూ నవ్వాను. ఎన్నాళ్లయిందో ఇద్దరం ఇట్లా నవ్వి. తర్వాత ఆమె కళ్లు తుడుచుకుంటూ, "జర నిటారుగ మాట్లాడు. మన పోరి ఏం దొంగతనం చెయ్యలే" అంది.

నిటారుగా. సేఠ్‌తో నిటారుగా మాట్లాడిన రోజు నాకు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. పదహారేళ్లకు సూరత్ వచ్చాను. వంగి దారం అతికాను, వంగి మాట్లాడాను. ఆ మాట తీసేస్తే నా హిందీలో ఏం మిగులుతుందో తెలియదు.

కాగితం మీద రాసుకుందామని కూర్చున్నాను. నమస్తే. నా పేరు మల్లేశం. అక్కడే ఆగింది.

7 జూన్, సోమవారం

పది. ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

పదీ పది.

పదింబావు. నెట్ ఉందా లేదా అని సత్తయ్యకు ఫోన్ చేసి చూసుకున్నాను. ఉంది. లైన్ బిజీ కావద్దని వెంటనే పెట్టేశాను.

పదిన్నర...

వచ్చింది. అయిపోయింది. మరిచిపోకముందే రాస్తున్నాను.

కెప్టెన్ సాబ్ గొంతు కోపంగా లేదు, దగ్గరగానూ లేదు. మూడే అడిగాడు. తివాచీ సంగతి ఆ మెసేజ్ పంపకముందు రజిత మీకు చెప్పిందా? లేదు సాబ్, నాకు తెలియదు. మెసేజ్ పంపమని ఆమె చెప్పిందా? లేదు. ఎవరికీ చెప్పొద్దంది. పదో తారీఖున తనే మీ చేతికి కాగితం ఇస్తానంది. మరి ఏ గల్తీకి మాఫీ అడిగారు?

చెప్పాను. మా సాంచాల దగ్గర ఎవరు పని మానినా పెద్దవాళ్లు ఇట్లాగే అడుగుతారని. ఎంతోమంది కోసం అడిగానని. వాళ్లలో ఒక్కడూ ఒక్క పోగు తెంపి ఉండడని.

"కిసీ నే కుఛ్ నహీ కియా, ఫిర్ భీ?" ఎవరూ ఏమీ చేయలేదు, అయినా మాఫీ అడిగారా అని.

"ఫిర్ భీ, సాబ్."

అటు దూరంగా ఏదో మోటారు చప్పుడు, గాలి. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. భూలక్ష్మి చేత్తో ఆగు ఆగు అంటూనే ఉంది. నేను ఆగలేదు.

నిటారుగా కూర్చున్నాను. కూర్చుని ఇట్లా అన్నాను — సాబ్, పిల్ల ఏ గల్తీ చేయలేదు. గల్తీ నాది. తను మీ ముందు నిలబడి తన నోటితో చెప్పుకోవాల్సిన మాటను నేను ముందే వాడేశాను. ఆమె పని కాగితంలో నా గల్తీ రాయకండి. నన్ను మాఫ్ చేయండి.

అనేశాను. ఆ మాట మళ్లీ అనేశాను. భూలక్ష్మి నుదురు కొట్టుకుంది.

ఆయన అచ్ఛా అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఎటువంటి అచ్ఛా? నేను ఆ అచ్ఛాను ఇప్పటికి వందసార్లు అనుకుని చూశాను. పొడుగ్గా లేదు. పొట్టిగానూ లేదు. భూలక్ష్మి బానే అన్నడంటుంది. ఆమెకు హిందీ నాకన్నా తక్కువ.

పదకొండుంబావు

రజిత మెసేజ్. "బాపు కెప్టెన్ పైకి రమ్మన్నడు. పోతున్న. నువ్వేమన్నవ్ ఆయనతోని?"

జరిగిందంతా రాశాను, చివరి మాటతో సహా. చెరిపేశాను. మళ్లీ రాశాను. మళ్లీ చెరిపి, జరిగింది చెప్పిన బిడ్డా అని మాత్రం పంపాను. పంపాక తోచింది, ఇది సగమే నిజం కదా. లోపల ఆయన నా మాట ఆమెకు చెప్తే, ఈసారి కూడా నా సంగతి ఆయన నోటితోనే వింటుంది. అందుకని ఇంకోటి పంపాను. "చివర్ల మాఫ్ చెయ్యమన్న. నీ కోసం కాదు, నా కోసం."

రెండిటికీ ఒక్కొక్కటే టిక్కు, ఆమెకు ఇంకా అందలేదు.

పన్నెండు

భూలక్ష్మి అన్నం పెట్టింది. తినలేదు. ఆమె కూడా తినలేదు.

పన్నెండున్నర

ఒకటే టిక్కు. ఇంకా పైనే ఉన్నట్టుంది.